ఆరుబయట కట్టెల బాయిలర్: మీ భవనానికి సరిపోయే సైజును లెక్కగట్టడం ఎలా

ఆరుబయట పెట్టే కట్టెల బాయిలర్ అంటే పెరట్లో కట్టెలతో నీళ్లు కాచి, నేలలోని పైపుల గుండా ఇంట్లోకి పంపి గదుల్ని వెచ్చబెట్టే యంత్రం. దాని విషయంలో ఎక్కువమంది పొరబడేది చిన్నది కొని కాదు, పెద్దది కొని. "చలి ముదిరితే ఇబ్బంది పడతాం, ఎందుకైనా మంచిది" అని అవసరానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది దింపుతారు. తీరా చూస్తే కట్టెలు గుట్టలుగా కరిగిపోతుంటాయి, పొగ పక్కిళ్ల మీదికి పోతుంటుంది, నాలుగైదేళ్లకే ఉక్కు తుప్పు పట్టి కారడం మొదలవుతుంది. బాయిలర్ సైజు భవనం విస్తీర్ణాన్ని బట్టి తేలదు. బాగా చలిగా ఉన్న రోజున ఆ భవనం గంటకు ఎంత వేడిని బయటికి వదులుకుంటుందో, దాన్నిబట్టి తేలుతుంది. ఆ అంకెను టేపు, కాగితం, కాలిక్యులేటరు పెట్టుకుని ఒక్క పూటలో రాబట్టవచ్చు.

పెద్ద బాయిలర్‌తో వచ్చే చేటు

గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పి మంట సన్నం చేసినట్టు కట్టెల మంటను సన్నం చేయలేం. మామూలు ఆరుబయట బాయిలర్‌లో ఫైర్‌బాక్స్ (కట్టె మండే గది) చుట్టూ నీళ్లుంటాయి. ఆ నీళ్లు పెట్టిన వేడికి, చాలా మోడళ్లలో 80 నుంచి 85 డిగ్రీల సెల్సియస్‌కి, చేరగానే గాలి వచ్చే డ్యాంపర్ మూసుకుంటుంది. గాలి అందక కట్టె మండడం ఆగి కుములుతుంది. ఆ కుములుడులో పుట్టే వాయువులు కాలకుండానే పైకి లేచి, వెనక నీళ్లున్న ఉక్కు గోడకు తగిలి, చల్లబడి తారుగా పేరుకుంటాయి.

తలుపు తెరిస్తే బాయిలర్ ఎలా నడుస్తోందో కంటికి కనిపిస్తుంది. సరైన భారంతో నడిచేదాని గోడల మీద లేత బూడిదరంగు పొడి పొర ఉంటుంది, వేలితో రుద్దితే రాలిపోతుంది. ఎక్కువసేపు డ్యాంపర్ మూసుకునే ఉండేదాంట్లో తలుపు అంచున సీలుగా ఉండే తాడు చుట్టూ నల్లగా మెరిసే తారు కారి ఉంటుంది. చల్లారాక అది రాయిలా గట్టిపడి గోకుడు పారకు కూడా ఊడదు. అందులోని ఆమ్లాలు, తడి బూడిద కలిసి వెల్డింగు అతుకుల దగ్గర ఉక్కును తినేస్తాయి.

దీనికి ఇంకో కోణం ఉంది. బాయిలర్‌ను అతి చలి రోజును చూసి ఎంచుతాం, కానీ అలాంటి రోజులు ఏడాదికి నాలుగైదే. చలికాలంలో మిగతా కాలమంతా భవనానికి కావలసింది ఆ గరిష్ఠంలో సగమో అంతకన్నా తక్కువో. సరైన సైజు బాయిలరే ఎక్కువ రోజులు సగం భారంతో నడుస్తుందన్నమాట. రెట్టింపు సైజుదైతే పావు భారంతో, అంటే రోజులో ఎక్కువ భాగం కుములుతూనే ఉంటుంది.

మొదటి మెట్టు: ఎంత చలికి లెక్క వేయాలి

లోపల ఎంత వేడి కావాలో తేల్చుకోండి. నివాసానికి 20 డిగ్రీలు, వర్క్‌షాపుకి 12 నుంచి 15 చాలు. బయటి ఉష్ణోగ్రత విషయంలో మాత్రం మీ ప్రాంతపు రికార్డు కనిష్ఠాన్ని తీసుకోకండి. హీటింగ్ ఇంజనీర్లు వాడేది 99 శాతం డిజైన్ ఉష్ణోగ్రత. ఏడాదిలోని 8,760 గంటల్లో సుమారు 88 గంటలు మాత్రమే బయట అంతకన్నా చల్లగా ఉంటుంది. వాతావరణ పట్టికల్లో చాలా ఊళ్లకు ఈ అంకె దొరుకుతుంది. ఆ 88 గంటలు కూడా ఏకబిగిన రావు. గోడలు, నేల, నీటి నిల్వ దాచుకున్న వేడి ఆ కాస్త లోటును పూడుస్తుంది.

ఈ వ్యాసంలో లోపల 20, బయట మైనస్ 15 అనుకుందాం. తేడా 35 డిగ్రీలు.

రెండో మెట్టు: భవనం వదులుకునే వేడి

వేడి రెండు దారుల్లో పోతుంది. గోడ, కప్పు, నేల, కిటికీల గుండా పోయేది ఒకటి. సందుల్లోంచి గాలితోపాటు పోయేది రెండోది.

మొదటిదానికి ప్రతి భాగం వైశాల్యాన్ని దాని యూ విలువతో గుణించాలి. యూ విలువ అంటే ఒక చదరపు మీటరు గుండా, ఒక డిగ్రీ తేడాకు, ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె. కొన్ని ఉజ్జాయింపు విలువలు:

- ఇన్సులేషన్ లేని 230 మి.మీ. ఇటుక గోడ: 2.0 నుంచి 2.2
- 100 మి.మీ. గాజు ఉన్ని నింపిన చెక్క ఫ్రేము గోడ: 0.4
- ఒంటి అద్దం కిటికీ: 5 నుంచి 5.8
- పాత రకం జంట అద్దాల కిటికీ: 2.8
- వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న జంట అద్దాలు: 1.2 నుంచి 1.6
- పైన 150 మి.మీ. ఉన్ని పరిచిన సీలింగు: 0.25
- ఏమీ పరచని సీలింగు: 2 లేదా అంతకన్నా ఎక్కువ

గాలి లెక్కకు భవనం లోపలి ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని, గంటకు ఎన్నిసార్లు లోపలి గాలి మారుతుందో ఆ అంకెతోను, 0.33తోను గుణించండి. బిగుతుగా కట్టిన ఇంటికి 0.5, మామూలు ఇంటికి 0.7 నుంచి 1, సందులున్న పాత ఇంటికి 1.5, పెద్ద తలుపులు తరచూ తెరిచే షెడ్డుకి 2 పైన పడుతుంది.

ఒక ఉదాహరణ. 10 మీటర్లకు 15 మీటర్ల ఒంటి అంతస్తు ఇల్లు, ఎత్తు 2.6 మీటర్లు. చుట్టుకొలత 50 మీటర్లు కాబట్టి గోడలు 130 చదరపు మీటర్లు. అందులో కిటికీలు 20, తలుపులు 4, మిగిలిన గోడ 106. ఇన్సులేషన్ ఉన్న ఇల్లయితే:

- గోడ: 106 × 0.4 = 42
- కిటికీలు: 20 × 2.0 = 40
- తలుపులు: 4 × 2.0 = 8
- కప్పు: 150 × 0.25 = 38
- నేల: 150 × 0.3 = 45
- గాలి: 0.33 × 0.7 × 390 = 90

మొత్తం డిగ్రీకి 263 వాట్లు. 35 డిగ్రీల తేడాకు 9.2 కిలోవాట్లు. నిజానికి నేల కింద మట్టి బయటి గాలంత చల్లగా ఉండదు కాబట్టి నేల అంకె కాస్త ఎక్కువే పడింది. అది మనకు అనుకూలమే, వదిలేయండి.

ఇప్పుడు అదే కొలతలున్న ఇల్లు, కానీ ఇన్సులేషన్ ఏమీ లేదు. గోడకు 2.0, ఒంటి అద్దానికి 5.5, తలుపుకు 3, కప్పుకు 2.0, నేలకు 0.7, గాలి మార్పు 1.5 అనుకుంటే మొత్తం డిగ్రీకి సుమారు 932 వాట్లు, అంటే 32.6 కిలోవాట్లు. విస్తీర్ణం అదే 150 చదరపు మీటర్లు, అవసరం మాత్రం మూడున్నర రెట్లు. "ఇన్ని చదరపు అడుగులకి ఇంత బాయిలర్" అని బ్రోచర్లో రాసే పట్టీని నమ్మకూడదనేది ఇందుకే.

ఈ రెండో ఇంటికి బాయిలర్ కొనేముందు సీలింగు మీద 150 మి.మీ. ఉన్ని పరిచి చూడండి. కప్పు అంకె 300 నుంచి 38కి దిగుతుంది. ఆ ఒక్క పనితో అతి చలి రోజున 9.2 కిలోవాట్లు తగ్గుతాయి. ఇన్సులేషన్ ఉన్న ఇల్లు మొత్తానికి కావలసిన వేడి అంతే! ఇన్సులేషన్ ముందు, బాయిలర్ తర్వాత. వరుస తిరగేస్తే కొన్న బాయిలర్ ఆ మరుసటి ఏడాదే పెద్దదైపోతుంది.

మూడో మెట్టు: పాత ఇంధనం లెక్కతో సరిచూడడం

భవనంలో ఇప్పటికే ఏదో ఒక హీటర్ నడుస్తుంటే, దాని ఇంధనం లెక్క మీ టేపు కొలతలకన్నా నమ్మకమైన సాక్ష్యం. హీటింగ్ ఆయిల్ లీటరుకు సుమారు 10 కిలోవాట్ గంటలు, సహజ వాయువు ఘనపు మీటరుకు సుమారు 10, ఎల్పీజీ కిలోకు 12.8. దాన్ని హీటర్ సామర్థ్యంతో గుణించండి. పాత ఆయిల్ బాయిలర్ అయితే 0.8 వేసుకోవచ్చు.

ఏడాదికి 2,400 లీటర్ల ఆయిల్ కాలిందనుకోండి. 2,400 × 10 × 0.8 = 19,200 కిలోవాట్ గంటల వేడి. అదే హీటర్ స్నానాల నీళ్లు కూడా కాస్తుంటే, ఆ భాగాన్ని ముందే తీసేయాలి. మీ ఊరి హీటింగ్ డిగ్రీ రోజులు (రోజు సగటు ఉష్ణోగ్రత ఒక ఆధార అంకెకన్నా ఎన్ని డిగ్రీలు తగ్గిందో ఏడాదంతా కూడితే వచ్చేవి), 18 డిగ్రీల ఆధారంతో లెక్కగట్టినవి, 3,000 అనుకుందాం. 3,000ను 24తో గుణిస్తే 72,000. 19,200ను దానితో భాగిస్తే డిగ్రీకి 0.267 కిలోవాట్, అంటే 267 వాట్లు. మన మొదటి ఇంటి 263కి దాదాపు సమానం.

ఇక్కడ ఒక మెలిక. డిగ్రీ రోజుల ఆధారం 18 కాబట్టి తేడాను 20 నుంచి కాక 18 నుంచి లెక్కపెట్టాలి: 33 డిగ్రీలు. 0.267 × 33 = 8.8 కిలోవాట్లు. మనుషులు, దీపాలు, ఎండ ఇచ్చే వేడి ఆ రెండు డిగ్రీల్లో సర్దుకుంటుంది.

రెండు పద్ధతుల అంకెల మధ్య తేడా 25 శాతం దాటితే ఎక్కడో తప్పుంది. సాధారణంగా అది గాలి మార్పు అంచనాలో ఉంటుంది, లేదా కొన్ని గదుల్ని ఏడాదంతా మూసిపెట్టి ఉంటారు. ఆ సంగతి తేలేదాకా ముందుకు పోకండి.

నాలుగో మెట్టు: మిగతా భారాలు

వేడినీళ్లు: నలుగురికి రోజుకు 200 లీటర్లు, 45 డిగ్రీలు పెంచాలంటే 10.5 కిలోవాట్ గంటలు. నిల్వ ట్యాంకు ఉంటే 24 గంటలకు పంచి 0.44 కిలోవాట్ కలపండి. ట్యాంకు లేకుండా కుళాయి తిప్పగానే కాచే పద్ధతి పెట్టుకుంటే ఆ కొద్ది నిమిషాలు 20 కిలోవాట్లకు పైగా లాగుతుంది. బాయిలర్‌లోని నీటి నిల్వే ఆ ఊపును భరించాలి.

నేలలోని పైపులు: ఈ భాగాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఫ్యాక్టరీలోనే పాలియురేథేన్ ఫోము పోసిన మంచి జంట పైపు మీటరుకు సుమారు 15 నుంచి 20 వాట్లు పోగొడుతుంది. 30 మీటర్లకు 18 చొప్పున 0.54 కిలోవాట్. చవకగా వస్తుందని ముడతల గొట్టంలో బుడగల రేకు చుట్టిన పైపు వేస్తే, లోపలికి నీరు చేరిన రోజున నష్టం ఇన్ని రెట్లని చెప్పలేం. మంచు కురిసినప్పుడు పైపు దారి వెంట మాత్రం మంచు కరిగి చార కనిపిస్తుంటే, మీ కట్టెలు మట్టిని కాస్తున్నాయని అర్థం. ఆ నష్టాన్ని పూడ్చడానికి బాయిలర్ సైజు పెంచడం తప్పు, పైపు మార్చాలి.

ఇతర భవనాలు: గ్యారేజీ, షెడ్డు, గ్రీన్‌హౌస్ కలుపుతున్నారా? ఒక్కోదానికి రెండో మెట్టు లెక్క విడిగా వేయండి. గ్రీన్‌హౌస్ దగ్గర జాగ్రత్త. ఒంటి పాలిథీన్ పొర యూ విలువ 6 దాకా ఉంటుంది. 60 చదరపు మీటర్ల నేల ఉన్న గ్రీన్‌హౌస్‌కి పాలిథీన్ 130 చదరపు మీటర్లు పడితే, లోపల 12 డిగ్రీలు నిలపడానికి బయట మైనస్ 15 ఉన్న రాత్రి 21 కిలోవాట్లు కావాలి, గాలి నష్టం కాక. ఇంటికి రెండింతలకు పైమాటే! అలాంటిదాన్ని రేపెప్పుడో కడతామని ఈరోజే పెద్ద బాయిలర్ కొనకండి.

మన ఉదాహరణ ఇంటికి: 9.2 + 0.44 + 0.54 = 10.2 కిలోవాట్లు. దీనికి 10 నుంచి 20 శాతం వెసులుబాటు చాలు. 15 శాతం వేస్తే 11.7, గుండ్రంగా 12 కిలోవాట్లు. బీటీయూల్లో (అమెరికాలో వాడే వేడి కొలమానం) చూసేవాళ్లు 3,412తో గుణించుకోండి: గంటకు సుమారు 41,000.

ఇంట్లో పాత హీటర్ పనిచేసే స్థితిలో ఉంటే ఇంకా తగ్గవచ్చు. గరిష్ఠ అవసరంలో 70 శాతం ఇచ్చే బాయిలర్ ఏడాది మొత్తం వేడిలో 90 శాతానికి పైగా తానే అందిస్తుంది. మిగిలిన కొద్ది రాత్రులకు పాత హీటర్ తోడు నిలుస్తుంది. మధ్యస్థమైన చలిరోజుల్లో ఇలాంటి బాయిలర్ చక్కగా మండుతుంది కాబట్టి, తోడు హీటర్ ఉన్నవాళ్లకు ఇదే ఉత్తమమైన ఎంపిక.

ఐదో మెట్టు: రేటింగు పలక చదవడం

కంపెనీ కాగితంలో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా గరిష్ఠ ఉత్పత్తి. ఫైర్‌బాక్స్ నిండా ఎండు కట్టెలు పెట్టి, డ్యాంపర్ పూర్తిగా తెరిచినప్పుడు కొద్దిసేపు వచ్చే అంకె అది. మనకు కావలసింది ఒక్కసారి నింపితే 8 గంటలపాటు సగటున ఎంత వస్తుందన్నది. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ ధ్రువీకరించిన మోడళ్ల జాబితాలో ఈ 8 గంటల అంకె విడిగా ఉంటుంది. మరోచోట కొంటున్నా పరీక్ష నివేదికలో దీనికి సమానమైన అంకె అడగండి. అక్కడ 2015 నిబంధనల రెండో దశ 2020 మే నుంచి అమల్లోకి వచ్చాక, ఆ పొగ పరిమితులకు లోబడని కొత్త యూనిట్లు అమ్మడానికి వీల్లేదు. మీ ప్రాంతంలో పొగగొట్టం ఎత్తు, సరిహద్దు నుంచి దూరం మీద నియమాలు ఏమున్నాయో సైజు తేల్చకముందే కనుక్కోండి.

అమ్మేవాళ్లు చెప్పే అంకె నిజమో కాదో ఫైర్‌బాక్స్ కొలతతో మీరే పసిగట్టవచ్చు. 20 శాతం తేమ ఉన్న కిలో కట్టెలో, ఏ జాతిదైనా, సుమారు 4 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. పరీక్షల్లో ఫైర్‌బాక్స్ ఘనపు మీటరుకు సుమారు 160 కిలోల చొప్పున కట్టె నింపుతారు. అంటే 400 లీటర్ల ఫైర్‌బాక్స్‌లో 64 కిలోలు, అందులో మొత్తం శక్తి 256 కిలోవాట్ గంటలు. 70 శాతం సామర్థ్యంతో నీళ్లకు చేరేది 179. 8 గంటలకు పంచితే 22 కిలోవాట్లు, 12 గంటలకైతే 15. ఇదే ఫైర్‌బాక్స్‌తో "8 గంటలు 60 కిలోవాట్లు" అన్నారంటే 480 కిలోవాట్ గంటలు కావాలి. ఆ కట్టెలో అంత శక్తే లేదు!

ఆరో మెట్టు: రోజుకు ఎన్నిసార్లు కట్టె వేస్తారు

ఇది మీ ఓపికకు సంబంధించిన ప్రశ్న. అతి చలి రోజున 12 గంటలకోసారి నింపాలనుకుంటే మన ఇంటికి 10.2 × 12 = 122 కిలోవాట్ గంటలు కావాలి. 70 శాతం సామర్థ్యమున్న గ్యాసిఫికేషన్ బాయిలర్‌కి (కట్టె నుంచి వచ్చే వాయువుల్ని కూడా కాల్చే రకం) 44 కిలోల కట్టె, 275 లీటర్ల ఫైర్‌బాక్స్. 45 శాతమే రాబట్టే పాతరకానికి 68 కిలోలు, 425 లీటర్లు. కిలోవాట్లు సరిపోయాయి కదా అని ఫైర్‌బాక్స్ చిన్నది తీసుకుంటే అర్ధరాత్రి లేవాల్సి వస్తుంది. పూర్తిగా రోజుకోసారే నింపాలని పట్టుబట్టి భారీ ఫైర్‌బాక్స్ కొంటే మళ్లీ కుములుడు మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు అనే లెక్క చాలా భవనాలకు సరిగ్గా సరిపోతుంది.

కట్టె తడిగా ఉంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. సగం బరువు నీరే ఉన్న పచ్చి కట్టెలో కిలోకు 2.3 కిలోవాట్ గంటలే ఉంటాయి. మంట చల్లబడి సామర్థ్యం కూడా పడిపోతుంది. సామర్థ్యం 35 శాతానికి దిగితే అదే 122కి 150 కిలోలు పెట్టాలి, పైన చెప్పిన ఫైర్‌బాక్సుల్లో అంత పట్టదు. "బాయిలర్ చిన్నదైపోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం కట్టెల గుట్టలో దొరుకుతుంది.

తేమ చూసే మీటరును దుంగ పైన గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది. దుంగను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మధ్యలో, నారల వెంబడి గుచ్చాలి. ఇంకొకటి గమనించండి: ఈ మీటర్లు ఎండు కట్టె బరువుతో పోల్చి శాతం చూపిస్తాయి. మీటరు మీద 25 కనిపిస్తే మొత్తం బరువులో తేమ 20 శాతమని. 25 లోపు ఉంటే పొయ్యిలో వేయొచ్చు. చీల్చి, వాన తగలకుండా, గాలాడేలా పేర్చిన కట్టెకు ఆ స్థితి రావడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. బాయిలర్ వచ్చే ఏడాది కొనేవాళ్లు కట్టెలు ఈ ఏడాదే చీల్చుకోవాలి.

ఏడాదికి ఎంత కట్టె? మన ఇంటికి సుమారు 19,000, వేడినీళ్లకు 3,800, పైపులకు 2,400 కలిపి 25,000 కిలోవాట్ గంటలు. గ్యాసిఫికేషన్ రకానికి 9 టన్నులు, పాతరకానికి 14 టన్నులు. ఆ ఐదు టన్నుల తేడాను ఏటా కొట్టి, మోసి, ఆరబెట్టే చేతులు ఎవరివో ఆలోచించుకుని రకం ఎంచుకోండి.

ఏడో మెట్టు: బఫర్ ట్యాంకు

మార్కెట్లో దొరికే అతి చిన్న గ్యాసిఫికేషన్ బాయిలరే మీ అవసరానికి మించి ఉండొచ్చు. అప్పుడు దారి బఫర్ ట్యాంకు: బాయిలర్‌ను పూర్తి మంటతో కాల్చి, మిగిలిన వేడిని నీటిలో దాచి, మంట ఆరాక వాడుకోవడం. కుములుడు అన్నదే ఉండదు. 8 గంటల సగటు రేటింగు మీ అవసరానికి ఒకటిన్నర రెట్లు దాటితే ట్యాంకు లేకుండా కొనకూడదని గట్టిగా చెబుతాం.

ట్యాంకు లెక్క సులువు. లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కితే 1.163 వాట్ గంటలు దాచుకుంటుంది. 20 కిలోవాట్ల బాయిలర్ 4 గంటలు మండితే 80 కిలోవాట్ గంటలు. ఆ 4 గంటల్లో భవనం 5 కిలోవాట్ల చొప్పున 20 వాడుకుంది. మిగిలిన 60 ట్యాంకులోకి పోవాలి. ట్యాంకు 45 నుంచి 85 డిగ్రీలకు ఎక్కితే, 40 డిగ్రీల తేడాకు 1,290 లీటర్లు కావాలి. రేడియేటర్లకు (వేడినీరు పారుతూ గదిని వెచ్చబెట్టే పలకలు) 55 డిగ్రీలకన్నా తక్కువ పనికిరాదంటే వాడుకోగల తేడా 30 డిగ్రీలే, అప్పుడు 1,720 లీటర్లు. నేలలో పైపులు పరిచిన హీటింగ్‌కి 35, 40 డిగ్రీల నీరు చాలు కాబట్టి అదే ట్యాంకు ఎక్కువసేపు వస్తుంది. కిలోవాట్‌కు కనీసం 50 లీటర్లు అనే మోటు లెక్క గుర్తుంచుకోండి, అంతకన్నా తగ్గకండి.

ట్యాంకు నీరు చల్లటినుంచి 85కి ఎక్కేసరికి 3 శాతానికి పైగా వ్యాకోచిస్తుంది. 1,300 లీటర్లకు 40 లీటర్లకు పైగా అదనపు నీరు. మూసిన వ్యవస్థలో దానికి తగ్గ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, సేఫ్టీ వాల్వు లేకుండా నడపడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

ఎనిమిదో మెట్టు: పైపు, పంపు, రేడియేటర్లు

బాయిలర్ వేడి పుట్టించినా, పైపు మోయలేకపోతే ఇల్లు వెచ్చబడదు. గంటకు కావలసిన నీరు లీటర్లలో: కిలోవాట్లను 860తో గుణించి, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య తేడాతో భాగించాలి. 12 కిలోవాట్లు, 10 డిగ్రీల తేడా అయితే 1,032 లీటర్లు. లోపలి వ్యాసం 22 మి.మీ. ఉన్న పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులో పోను రాను 60 మీటర్లకు పంపు సుమారు 1.7 మీటర్ల హెడ్ (పంపు నీటిని తోసే ఒత్తిడి, నీటి ఎత్తుగా చెప్పేది) ఇస్తే చాలు. చిన్న సర్క్యులేటర్ పంపు సరిపోతుంది. అదే పైపులో 30 కిలోవాట్లు పంపాలంటే 2,580 లీటర్లు, హెడ్ 8 మీటర్లు దాటుతుంది. 27 మి.మీ. లోపలి వ్యాసానికి మారితే అది 3.3 మీటర్లకు దిగుతుంది. సైజు సందేహం బాయిలర్‌లో వస్తే చిన్నదానివైపు, పైపులో వస్తే పెద్దదానివైపు మొగ్గండి. గడ్డకట్టకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ 40 శాతం కలిపేవాళ్లు ప్రవాహాన్ని సుమారు 10 శాతం పెంచుకోవాలి, ఆ ద్రవం నీటికన్నా తక్కువ వేడిని మోస్తుంది.

రేడియేటర్ల రేటింగు యూరప్ పద్ధతిలో 75 డిగ్రీలతో వెళ్లి 65తో తిరిగొచ్చే నీటికి, 20 డిగ్రీల గదికి ఇస్తారు. నీటి సగటు 70 నుంచి 60కి పడితే రేడియేటర్ ఇచ్చే వేడి నాలుగో వంతు తగ్గుతుంది. వెచ్చని గాలి డక్టులో పెట్టే కాయిల్‌కీ ఇదే వర్తిస్తుంది: 82 డిగ్రీల నీటికి రాసిన అంకెను 65 డిగ్రీల నీటితో ఆశించకండి.

తిరిగొచ్చే నీరు 55, 60 డిగ్రీలకన్నా చల్లగా బాయిలర్‌లోకి దూరితే ఫైర్‌బాక్స్ గోడల మీద ఆవిరి నీరై కారుతుంది. తారుకు, తుప్పుకు అది తోడు. వేడి నీటిని కాస్త వెనక్కి కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వును బాయిలర్‌తోపాటే కొనండి.

బిగించాక మొదటి చలికాలంలో చూడవలసినవి

పైపు రెండు కొసల్లోనూ థర్మామీటర్లు పెట్టించుకోండి. గంటకు 1,032 లీటర్లు పారుతున్నప్పుడు ఒక డిగ్రీ తగ్గుదల 1.2 కిలోవాట్లతో సమానం. మంచి పైపులో బాయిలర్ నుంచి ఇంటికి 30 మీటర్లు వచ్చేసరికి పావు డిగ్రీకి మించి తగ్గదు. రెండు డిగ్రీలు తగ్గుతుంటే ఆ ఒక్క దారిలోనే 2.4 కిలోవాట్లు మట్టిలోకి పోతున్నాయి.

నీటి వేడి 80 నుంచి మెల్లగా 60కి జారుతూ, ఫైర్‌బాక్స్ నిండా ఎర్రటి నిప్పులున్నా పైకి రాకపోతే బాయిలర్ నిజంగా చాలడం లేదు. నిప్పులు లేక నల్లటి దుంగలు బుసబుస నురగ కారుస్తుంటే కట్టె పచ్చిది. నీరు 80 మీదే నిలబడి ఇల్లు మాత్రం చల్లగా ఉంటే తప్పు పంపులోనో, రేడియేటర్లోనో, గాలి బుడగలోనో ఉంది. డ్యాంపర్ గంటలో ఎంతసేపు తెరిచి ఉంటోందో అతి చలి రోజున ఒకసారి, మామూలు చలిలో ఒకసారి గడియారం పెట్టి రాసుకోండి. అతి చలి రోజున మూడొంతులకు పైగా తెరిచే ఉంటే సైజు కుదిరినట్టే. ఆ రోజున కూడా సగంకన్నా తక్కువసేపే తెరుచుకుంటుంటే బాయిలర్ పెద్దది: కట్టె ఒక్కసారి నింపేయకుండా కొద్దికొద్దిగా వేయండి, వచ్చే వేసవిలో బఫర్ ట్యాంకు కలపండి.